పై మెట్టు లేని ఆట

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని ఓ హైస్కూలు గ్రౌండ్‌లో నాలుగో డివిజన్ సాకర్ మ్యాచ్ ఇంకో పావుగంటలో ముగుస్తుందనగా వాన అందుకుంది. మెడకి జట్టు మఫ్లర్ చుట్టుకుని, గోల్ పడినప్పుడల్లా వాయించే డ్రమ్ము కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆమె కదల్లేదు. పక్కనున్న భర్త మాత్రం లేచి నిలబడ్డాడు.

“ఇక పద. గృహప్రవేశం భోజనాలకి అందరూ వచ్చేసుంటారు.”

“ఈ సీజన్‌లో మనవాళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదండీ. ఇది గెలిస్తే లీగ్‌లో ఫస్ట్.”

“ఫస్ట్ వస్తే పై డివిజన్‌కి పంపిస్తారా?”

“పంపరు. ఈ దేశంలో ఆ పద్ధతే లేదు. వచ్చే ఏడూ ఇదే లీగు, ఇదే గ్రౌండు.”

“మరి ఎంత బాగా ఆడి ఏం లాభం?”

ఆమె గోల్‌పోస్టు మీంచి చూపు తిప్పలేదు.

“నేను ఎం.టెక్‌లో యూనివర్సిటీ ఫస్ట్. డిపెండెంట్ వీసా అని ఇక్కడ ఉద్యోగం చేయనివ్వరు. అలాగని నా చదువు దండగంటారా?”

“నేనెప్పుడన్నాను?”

“మీరనలేదు. ఇవాళ గృహప్రవేశం చేసుకుంటున్నాయనే అన్నాడు, మొన్న పార్టీలో. మీరు నవ్వారు.”

అతను వాచీ చూసుకున్నాడు.

“మీ ఆవిడేదని అందరూ అడుగుతారు. ఏం చెప్పను?”

“మ్యాచ్‌కెళ్లిందని చెప్పండి.”

“సరే, కార్ తాళాలివ్వు.”

“ఇవ్వను. డ్రైవ్ చేసుకొచ్చింది నేను. మ్యాచ్ అయ్యాక నేనే తీసుకెళ్తాను.”

“అప్పటిదాకా ఈ వానలో నన్నేం చేయమంటావు?”

ఆమె కాళ్ల దగ్గరున్న డ్రమ్ము ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

“గట్టిగా కొట్టండి. ఆ కొత్తింటి దాకా వినపడాలి.”