పదకొండో ముక్క

కోరుట్ల బస్టాండు వెనక స్టూడియోలో బషీర్ గంగారాజం భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ల పెళ్లి వీడియోను మళ్లీ పోగుచేస్తున్నాడు. తన హార్డ్ డిస్కూ, ఆమె పెన్‌డ్రైవూ రెండూ పాడయ్యాయి.

"గంత పెద్ద వీడియో గప్పుడు గల్ఫ్‌కు ఎట్ల పంపినవన్నా?"

"ఒక్కపారే పంపితే నడుమల తెగుతుండె చెల్లె. పదకొండు ముక్కలు చేసిన. మీ ఆయనతోని కలిపి రూముల పదకొండు మంది. తలా ఒకటి దించుకొని, ఆడ అతికిచ్చుకున్నరు. ఇప్పుడు గవే ముక్కలు నాకు వాపస్ పంపుతున్నరు. పది అచ్చినయి."

"పదకొండోది?"

"మీ గంగారాజం ఫోన్ల ఉండె."



"శవప్పెట్టెల ఆయన అచ్చిండు గని ఫోన్ రాలే. ఆయన మాట్లాడింది గా ఒక్క ముక్కలనే అన్నా. బిడ్డకు బాపు గొంతు ఇనిపిద్దామంటే మల్ల ఎక్కడా లేదు."

బషీర్ మానిటర్‌ను ఆమె వైపు తిప్పాడు.

"అందుకే పిలిపిచ్చిన. పొద్దుగాల్ల నుంచి గా పదకొండోది దిగుతున్నది. పంపేటోని పేరు సూడు."

"ఆయన పేరే. ఎవలు పంపుతున్నరు?"

"రూమోళ్లందరిని అడిగిన. ఆయన పనికాడ సముద్రంల పడ్డప్పుడే ఫోన్ గూడ మునిగిందంటున్నరు."

"ఎంత దిగింది?"

"తొంభై రెండు శాతం. ఆగు, గీ నంబర్‌కే కొట్టి ఎవలో అడుగుత."

ఫోన్ తీసిన అతని చేతిని ఆమె పట్టుకుంది.

"వద్దన్నా. నడుమల పిలిస్తే ఆయన ఎంత పనైనా ఇడిసిపెట్టి లేస్తడు. గీ పంపుడు తెగుతది."