వెనక స్ప్రింగు

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ దైవాశీర్వాదం గారి కోతలు వినడం మాకు అలవాటు. 1982 ఫిబ్రవరి తరువాత ఆ అలవాటు లేదు.

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో అప్పటికి మా తెలుగు సంఘంలో చాలామందికి కార్లు లేవు. అందరినీ ఆయనే డిక్కీలో కూడా మనుషులు పట్టే తన పాత స్టేషన్ వాగన్‌లో ఎక్కించుకుని తిప్పేవారు. మంచులో చక్రాలు జారకుండా అక్కడివారు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఆయన బియ్యం బస్తాలు వేశారు, ఆరు. వాటిపైన మేము.

నా భార్య ప్రేమజ్యోతి ఒంగోలులో నర్సు. అక్కడ తాత్కాలిక అనుమతిపై పనిచేస్తుండేది. ఫిబ్రవరిలో షికాగోలో జరిగే నర్సు లైసెన్సు పరీక్ష రాయకపోతే ఏప్రిల్‌లో ఉద్యోగం పోతుంది. మా సంఘంలోని రవికుమార్ తన కొత్త కారులో తీసుకువెళతానన్నాడు. దైవాశీర్వాదం గారు ఒప్పుకోలేదు. "చెల్లెమ్మని నేను దింపుతాను" అన్నారు. ఆమె పరీక్షకు చేరలేదు.

తరువాతి ఆదివారం, ఎవరూ అడగకముందే, ఆయన కప్పు చేతిలోకి తీసుకున్నారు.

"అసలేం జరిగిందో చెబుతాను, వినండి. మంగళవారం పొద్దున మైనస్ ఇరవై. షాక్ అబ్సార్బర్లలో ఆయిల్ గడ్డకట్టేసింది. కారు కాదది, బండరాయి. ఇంకొకడైతే దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. నేను పోనిచ్చాను."

"మెల్లగానా అన్నా?" అన్నాడు రవికుమార్.

"ఎనభై మీద! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు మీద గుంట. వెనక చక్రం అందులో పడింది, స్ప్రింగు ఠప్పుమని విరిగింది, విరిగింది ఊరుకుంటుందా, నెల రోజులుగా చలికి ముడుచుకున్నదంతా ఒక్కసారి విచ్చుకుంది, కారు లేచింది!"

"ఎంత ఎత్తు?" అంది ఆయన భార్య కరుణమ్మ. "పోయినసారి జింకని దాటినంతా?"

"జింకేమిటే! టోల్ బూత్ మీంచి పోయాం. లోపలివాడు టోపీ తీసి సలాం కొట్టాడు. దాని వెనకాల గూడ్సు, నూట పది పెట్టెలు. అదీ దాటాం. గాల్లో ఒక బస్తా చిరిగింది. ఆ రోజు నాలుగంగుళాల మంచు పడిందని రేడియోలో చెప్పారా లేదా? రెండంగుళాలు మన బియ్యమే."

నవ్వులు లేచాయి. నేను కూడా నవ్వాను. అందుకు నేటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

"పరీక్ష హాలు కనబడింది. కిటికీలోంచి ఒకావిడ రమ్మని చెయ్యి ఊపింది కూడా. దిగుదామంటే, బ్రేకు నేల మీద పట్టుకుంటుందిగానీ గాల్లో పట్టుకుంటుందా? మిషిగన్ సరస్సు దాటి అవతలి గట్టున వాలాం. గడ్డకట్టిన సరస్సు మీదుగా వెనక్కి వచ్చేసరికి తలుపులు మూసేశారు. ఇందులో కారు తప్పుందా? నా తప్పుందా? అంతా చలి తప్పు!"

ప్రేమజ్యోతి తన కప్పును బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, మనం టోల్ బూత్ దాకా కూడా వెళ్లలేదండీ."

"అదేనమ్మా, కథలో..."

"చక్రం కదలక రోడ్డు పక్కన రెండు గంటలు కూర్చున్నాం. మీరు ఫోను వెతుక్కుంటూ వెళ్లారు. అద్దం పైన ఎండకి దించుకునే అట్ట ఉంటుంది చూడండి, దానికి మెకానిక్ చీటీ గుచ్చి ఉంది. చదివాను. ‘వెనక స్ప్రింగు విరిగింది. మార్చేదాకా నడపవద్దు.’ తేదీ శనివారం."

కరుణమ్మ భర్త వైపు తిరిగింది. "శనివారమే తెలుసా మీకు?"

ఆయన ప్రేమజ్యోతి వైపు చూస్తూ అన్నారు.

"చెబితే రవికుమార్ కారులో వెళ్లేదానివి కదమ్మా."

"అవునండీ. వెళ్లి పరీక్ష రాసేదాన్ని."

ఆమె కోటు తీసుకుని మెట్లెక్కింది. ఎవరూ ఆపలేదు.

ఏప్రిల్‌లో మేము ఒంగోలు తిరిగి వచ్చాము. ప్రేమజ్యోతి మళ్లీ నర్సు బట్టలు వేసుకోలేదు, ఎందుకని నేను అడగలేదు. దైవాశీర్వాదం గారు ఆ తరువాత కాఫీకి ఆగకుండా ఇంటికి వెళ్లిపోయేవారని కరుణమ్మ రాసింది. రెండేళ్లకు ఆయన పోయారని కూడా ఆమే రాసింది. ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ప్రేమజ్యోతి మెట్లెక్కి వెళ్లిన ఆ ఆదివారం, అందరూ వెళ్లాక నేనూ దైవాశీర్వాదం గారూ మాత్రమే మిగిలాము. సాయంత్రం ఆ గది చర్చివారికి కావాలి. పొడవాటి బల్లను చెరొక వైపు పట్టుకున్నాము. దాని కాళ్లు మడిచి గోడవారకు మోశాము.

"వేళ్లు జాగ్రత్త, సామ్యూలూ" అన్నారాయన.

"సరేనండి" అన్నాను.