నా జడ మీద కాసిన పందెం

"మామ్మా, నీకు డెబ్బై దాటీసినాయి కదా, జడ ఇంకా ఇలాగ ఉన్నాదేటి? ఏటి రాస్తావు, సెప్పవా?"

ఏటి రాస్తానా? ముందా సంచీ కింద పెట్టు కావ్యా. గలగలమంటన్నాది, అన్నీ సీసాలేనా? విజయనగరం బజారంతా మోసుకొచ్చీసినట్టున్నావు. ఇదేటి, దీని మూతే నా పిడికిలంత ఉన్నాది. దీని మీద బొమ్మలో పిల్ల సూడు, జుట్టంతా గాల్లోకి ఎగరేసి నవ్వుతన్నాది. దానికేటి, పొద్దున్నే బస్సెక్కాలా, ఊడుపుకెళ్ళాలా. కూకో. ఏటి రాస్తావని అడిగావు గానీ, ఏటి సూస్తావని అడగాల. నాను రాసేది తక్కువ, సూసేది ఎక్కువ.

మీ అక్క స్వాతి సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు పాతపట్నంలో మీ అమ్మమ్మ దగ్గిరుండి సదువుతున్నావు. మీ అమ్మ ఫోన్లో 'అక్క జుట్టు కొంచెం ఊడుతన్నాదే' అనుంటాది. కొంచెమా! ఇల్లు తుడిస్తే సీపురుకి సుట్టుకొనేది. పక్కలో ఎంట్రుక, పప్పులో ఎంట్రుక. మీ నాన్న కంచంలోంచి తీసి పక్కన పెట్టి ఏమీ అనకుండా తినీసేవాడు, అదొకటి, ఆడు నోరిప్పితే కదా. ఆ గుంట, మీ అక్క, ఇంట్లో కూడా నెత్తి మీద చున్నీ తియ్యడం మానీసింది. "బస్సులో వెనక కూకున్నోలంతా నా పాపిడే సూస్తన్నారు మామ్మా" అనేది. పేరంటాలకి రాడం మానీసింది, కాలేజీలో పాటల పోటీకి పేరిచ్చి మళ్ళీ తీసీసుకుంది. ఆఖరికి ఒక రోజు, "దసరాకి గుండు సేయించీసుకుంటాను. మళ్ళీ వచ్చింది ఒత్తుగా వస్తాదంట" అన్నాది.

"ఎవులు సెప్పేరే? గొరిగితే ఒత్తుగా వస్తే మీ తాత గెడ్డం తుప్పల్లాగ ఉండాల్సింది, రోజూ గొరిగీవోడు" అన్నాను. నవ్వలేదు. చున్నీ ఇంకా ముందుకి లాక్కుంది.

ఇందులోకి సూరమ్మ వచ్చింది. మీ తాత సొంత సెల్లెలు, నా ఆడపడుచు, పక్క వీధే కదా. అప్పుడే ఎవులో కారేసుకొని వచ్చి, ఆడోల సంఘం మీటింగులో మందారం బొమ్మేసిన ఒక పచ్చ నూనె చూపించి, నువ్వు అమ్ము, నీ కింద ఇంకో నలుగుర్ని చేర్చు అని సూరమ్మని పట్టుకున్నారు. సూరమ్మకి మాట్లాడ్డం వస్తాది, అది ఒప్పుకుంటాను. ఎండిపోయిన కొమ్మకి కూడా నూనె అమ్మీగలదు. స్వాతికి సీసా ఇచ్చి, "రోజూ నెత్తి వేడెక్కీదాక రుద్దాల, తరవాత సెయ్యి నొప్పెట్టీదాక దువ్వాల" అన్నాది. ఈ గుంట అలాగే రుద్దింది, అలాగే దువ్వింది. సీపురుకి ఇంకా ఎక్కువ సుట్టుకోడం మొదలెట్టింది. సూరమ్మని అడిగితే, "పాత జుట్టు పోయి కొత్తది వస్తన్నాది" అంటాది. 

ఇంతలో ఒక రోజు ఆ కేకేసుకొని వచ్చే అబ్బి వచ్చేడు. అదే, బండికి గిన్నెలు కట్టుకొని, 'జుట్టుకి స్టీలు సామాన్లోయ్' అని అరుస్తాడు సూడు. మనిళ్ళల్లో దువ్వుకున్నప్పుడు వచ్చింది పారీరు కదా, సుట్టి సూరులో దోపుతారు. నాను బిస్కెట్ల డబ్బాలో పెడతాను, సూరులో పెడితే ఎలకలు పట్టుకుపోతాయి. నా చిన్నప్పుడైతే ఇలాంటోలు జుట్టుకి సీసం గాజులిచ్చీవోలు, మా అమ్మ జుట్టంతా నా సేతుల మీదే ఉండీది... ఆ, ఏటి సెప్తన్నాను? ఆ అబ్బి. నా జుట్టు సుట్ట సిన్నది, దాన్ని లాగి సూసి గోనెలో యేసుకున్నాడు. స్వాతిది పిచ్చుక గూడంత ఉన్నాది. దాన్ని విప్పేడు, వేళ్ళతో నలిపేడు, తిరిగిచ్చీసేడు. "ఇయన్నీ ముక్కలమ్మా. మాకు పొడుగు కావాల" అని బండి తోసుకు ఎల్లిపోనాడు.

"ఊడింది కూడా ఎవులికీ అక్కర్లేదు మామ్మా" అని ఆ గుంట లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నాను మాత్రం అక్కడే కూకుండిపోయేను. ముక్కలేటి? నడుం దాకా ఉన్న జుట్టు ఊడితే నడుమంత పొడుగు రావాల గానీ జానెడు ముక్క ఎలాగ వస్తాది? తెల్ల తలగడ గలేబు మీద దాని జుట్టూ నా జుట్టూ పక్కపక్కన పరిసేను. కళ్ళజోడూ, నాను పేపరు సదువుకునే భూతద్దమూ తెచ్చుకున్నాను. నాది ఒక్కో ఎంట్రుకకి ఒక కొసన నూక గింజలాగ తెల్లటి బొడిపె ఉన్నాది. అది కుదురు. దానికి ఆయుష్షు తీరి ఊడింది, దాని జాగాలో ఇంకోటి వస్తాది. స్వాతిదానికి ఎతికేను, ఎతికేను. బొడిపె లేదు. రెండు కొసలూ సీలిపోయి, పీచు లేచిపోయి ఉన్నాయి.

ఊడింది కాదే కావ్యా. తెగింది!

అరిసీసేను. మీ అమ్మ వంటింట్లోంచి పామేమో అనుకొని కర్రట్టుకొచ్చింది. నవ్వకు, నిజం. ఊడ్డం వేరు, తెగడం వేరు. ఊడితే లోపలేదో జబ్బుందేమో సూడాల. తెగితే మన సేతుల్లో జబ్బున్నాది. ఇంటిల్లిపాదీ తెగినదానికి ఊడినదాని మందు రాస్తన్నారు.

నాకివన్నీ ఎలాగ తెలుసంటావా? అయిదో తరగతితో మా నాన్న గోగు సేలో కలుపుకి పంపించీసేడు. అప్పట్నించి కొట్టోడు బెల్లం కట్టిచ్చిన కాగితం కూడా సదివి గానీ పారీలేదు. పెళ్ళయ్యేక లైబ్రరీకెళ్తే ఆ గుమస్తా "కతల పుస్తకాలు ఆ మూలమ్మా" అన్నాడు. "కతలు మా అత్త సెప్తాది గానీ, మనిషి ఒంటి గురించి రాసినవి ఇయ్యి" అన్నాను. పైకి కనిపించే జుట్టుకి పేనం లేదని, పేనమంతా కుదురులోనే అని అప్పుడు సదివేను. పేనం లేనిదానికి తిండెట్టడమేటి? తిండి మనం తినాల. జుట్టుని సిరక్కుండా కాసుకోడమే మన పని, పట్టుసీర కాసుకున్నట్టు.

మర్నాడు స్వాతి తయారవుతుంటే గుమ్మంలో కూకొని సూసేను. తలంటుకుంది. తువ్వాలేసి బట్టలు పిండినట్టు పిండింది. బస్సొచ్చీస్తాదని తడిమీదే సన్నపళ్ళ దువ్వెనట్టుకొని పైనించి కిందకి ఒక్క లాగు. టపటపమని తెగుతున్నాయి, నాకు ఇనిపించింది! ఆ తడి జుట్టే బిగించి జడేసి, రోజూ ఒకే జాగాలో రబ్బరు బేండు.

"ఒలే గుంటా, గోగునార నానేసి తీసినప్పుడు తడి నార ఎవులైనా గుంజుతారేటే?"

"గుంజితే తెగిపోద్ది కదా మామ్మా."

"మరి నీ నెత్తి మీదదేటి?"

దువ్వెన ఆపీసింది.

ఇంకోటి కూడా సూసేను. తలంటుకున్న మర్నాడు ఏమీ రాయకుండా, పాత పేపరు ముక్క ఒకటి దాని పాపిడి మీద అద్దేను. జిడ్డు మరక పడింది. కొసలు పట్టుకు సూస్తే ఎండు గడ్డి. అంటే నెత్తి జిడ్డు, కొసలు పొడి. ఈ గుంట సేస్తన్నదేటి? జిడ్డు నెత్తికి నూనె రుద్దుతన్నాది, పొడి కొసలకి షాంపూ రుద్దుతన్నాది! తలకిందులు. ఆ షాంపూ ఏల కొన్నావంటే "వాసన బాగున్నాది మామ్మా" అన్నాది. వాసనకైతే మల్లిపూలు కొనుక్కోరాదేటి?

ఆ వారమే సూరమ్మ అరుగు మీద సంఘం మీటింగు. అందరి ముందూ సీసా పట్టుకొని, "స్వాతికి ఇంకా పని సెయ్యలేదంటే మా వదిన పెద్ద సీసా కొనలేదు గనక" అన్నాది.

"ఒసే సూరమ్మా, ఆ సీసా వెనక ఏటి రాసున్నాదో ఎప్పుడైనా సదివేవా?"

"వెనకా ముందూ సదవడానికి నీలాగ నాకు పని లేదేటి వదినా?"

అంతా నవ్వేరు. నవ్వనీ అని నాను భూతద్దం తీసేను. ముందు రాసింది ఎక్కువ కలుపుతారు, ఆఖర రాసింది సిటికెడు. అదీ రాసే పద్ధతి. అక్కడ అన్నిటికన్నా ముందున్నది లిక్విడ్ పారఫిన్. అది విషం కాదు, లేనిపోనిది నాను సెప్పను, జుట్టుకి నునుపు ఇస్తాది, అంతే. మందారం ఎక్కడున్నాది? ఆఖరి వరసలో, దోమ కాలంత అచ్చరాల్లో. "సీసా మీద బొమ్మలో ఉన్నంత మందారం సీసాలో లేదు కదే! మందారం ధర ఇచ్చి ఇదేల కొనాల?" అన్నాను.

సూరమ్మ మొహం కందిపోయింది. "అయితే నీ దగ్గిరేటున్నాది మందు?"

"మందు లేదు. దువ్వెన ఉన్నాది."

"దువ్వెనతో జుట్టు నిలిస్తే బట్టతలోలంతా దువ్వెనలే కొందురు! నీ దువ్వెన పని సెయ్యకపోతే?"

అప్పుడు ఈ నోరు ఊరుకోలేదు. "దసరా ఎల్లి, ఆ స్టీలు సామాన్ల అబ్బి మళ్ళీ వచ్చీనాటికి మా స్వాతి జుట్టు ముక్కలవ్వడం ఆగకపోతే, దీంతో పాటు నానూ గుండు సేయించుకుంటాను. ఇదుగో, ఇదే జడ. ఆగితే నువ్వు ఈ ఊళ్ళో సీసా అమ్మకూడదు."

ఎవులూ నవ్వలేదీ పాలి. ఏలంటే ఈ జడ సంగతి ఊరందరికీ తెలుసు. మీ తాత పోయినప్పుడు ఇదే సూరమ్మ, "ఇంక జడెందుకు వదినా, ముడి సుట్టుకో" అన్నాది. "జడేమైనా మీ అన్నయ్య కట్టిన తాళేటి, తీసీడానికి? నాను పుట్టినప్పుడు నాతో వచ్చింది" అన్నాను. సావింట్లో అంత మాటన్నానని ఏడాది పాటు గుసగుసలు. అలాంటి జడ పందెంలో పెట్టీసేను. ఇంటికొచ్చేక స్వాతి నా సెయ్యట్టుకొని, "ఏల మామ్మా అలాగన్నావు?" అని ఏడిసింది. "నువ్వు దసరాకి గొరిగించుకుంటానన్నావు కదా. ఇప్పుడు నీకు రెండు తలలున్నాయి కాసుకోడానికి" అన్నాను.

మరేటి సేసేమంటే, పెద్దగా ఏటీ లేదు. జిడ్డు నెత్తికి సరిపోయే షాంపూ, చౌకదే, మగ్గు నీళ్ళలో కలిపి నెత్తికి మాత్రమే. కొసలకి ఆ నురుగు జారింది సాలు. తలంటుకునే ముందు కొసలకి కొంచెం కొబ్బరి నూనె. తువ్వాలు కాదు, మీ తాత పాత పంచి ముక్కతో అద్దడం. ఆరేక, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల్నించి మొదలెట్టి పైకి. జడ వదులుగా. బస్సు కోసం తలంటడం ముందురోజు సాయంత్రానికి మార్చేం.

అందరూ కుంకుడుకాయలు, కుంకుడుకాయలు అంటారు. మంచిదే. కానీ నాది ఉంగరాల జుట్టు, నాకు కుంకుడు పడితే కొబ్బరి పీచైపోద్ది. నాది కొంచెం తడిగా ఉన్నప్పుడే నూనె సేత్తో వేళ్ళతో సిక్కు తియ్యాల. స్వాతిది సాపు జుట్టు, సన్నం, తడిమీద ముట్టుకోకూడదు. ఒక కడుపున పుట్టినోలకే ఒక సబ్బు పడదు, ఊరందరికీ ఒక సీసా ఏటి?

మొదట్లో ఏమీ మారలేదు. ఇదివరకే సీలిపోయినవి తెగుతూనే ఉంటాయి కదా. సూరమ్మ వీధిలో కనపడితే, "మంగలి అబ్బితో మాటాడీనా వదినా?" అనేది. "నీకూ కలిపి మాటాడు, బేరం తగ్గుద్ది" అనేదాన్ని. అంటాను గానీ, ఎవులూ లేనప్పుడు ఈ జడ ముందుకేసుకొని నిమురుకొనేదాన్ని. నీకు గాబట్టి సెప్తన్నాను.

దసరా ఎల్లింది. ఆ అబ్బి వచ్చేడు. పందెం గొడవ ఆడికేటి తెలుసు? వీధంతా ఎందుకు గుమ్మాల్లో నిలబడిందో ఆడికి అర్థం కాలేదు. స్వాతి సుట్ట తెచ్చి సేతిలో పెట్టింది. సిన్నది, నిమ్మకాయంత. ఆడు విప్పేడు. ఒక ఎంట్రుక పట్టి లాగేడు... వస్తన్నాది, ఇంకా వస్తన్నాది, ఆడి సెయ్యి సాలక పైకెత్తేడు. "కొంచెమే ఉన్నాది గానీ మంచి పొడుగమ్మా. ఏదైనా తీసుకోండి" అన్నాడు.

స్వాతి నెత్తి మీద చున్నీ తీసి నడుముకి కట్టీసుకుంది, వీధి మధ్యలో! నాను బండి మీదున్న వాటిల్లో ఒక స్టీలు గళాసు ఏరి తీసుకున్నాను. అదే, నువ్విప్పుడు టీ తాగుతన్నది. జాగర్త, సొట్ట పెట్టకు.

సూరమ్మ? ఆ రోజు తలుపేసుకుంది. నాను ఎల్లలేదు, గెలిసినోలు గుమ్మంలోకి ఎల్లకూడదు. కొన్నాళ్ళకి తనే వచ్చింది, కొంగు కింద ఏదో దాసుకొని. కూకుంది.  కొంగు తీసి, తన జుట్టు సుట్ట నా ముందు పెట్టింది. "వదినా, నాది కూడా సూడే."

ఇన్నాళ్ళూ ఆ పచ్చ నూనె రుద్దుకున్నది తనే ఎక్కువ కావ్యా. తనకి ఊడుతన్నాదనే మొదలెట్టింది. అది ఎవులికీ సెప్పుకోలేదు. గలేబు పరిసి భూతద్దం ఇచ్చి, "నువ్వే సూడు" అన్నాను. అన్నిటికీ తెల్ల బొడిపెలే. పొడుగు పొడుగువి. "ఇది తెగింది కాదే సూరమ్మా, ఊడింది. దీనికి నా దువ్వెన పనికిరాదు, నీ సీసా పనికిరాదు, డాట్రు కావాల" అని నానే ఆటో ఎక్కించి విజయనగరం తీసుకెళ్ళేను. రగతం పరీచ్చ సేసి, ఒంట్లో రగతం లేదు, థైరాయిడు కూడా ఉన్నాది అన్నాది డాట్రమ్మ. మాత్రలేసుకుంటన్నాది. ఇప్పుడు నుదుటి మీద పిల్ల జుట్టు లేస్తన్నాది, నాకు రోజూ వచ్చి సూపిస్తాది. మిగిలిన సీసాలా? తలుపు బందులకి పోసీసేం. కిర్రుమనడం మానీసినాయి. అంత మాత్రం పనికొచ్చింది.

సర్లే, నీ సంచీ ఇలాగ తియ్యి. బొమ్మ సూడకు, వెనక్కి తిప్పు. భూతద్దం ఆ గూట్లో ఉన్నాది. కాదు, ముందు నీ దువ్వెనలోది ఒక ఎంట్రుక తీసి ఆ గలేబు మీద పెట్టు, నీకేటి కావాలో అదే సెప్తాది. ఎలుగులోకి జరుగు... ఆ, అలాగ. సల్లగా ఉండు నా తల్లి. నువ్వూ నాలాగే తెల్ల జడేసుకొని, ఇలాంటి సీసాల గుంటనొకదాన్ని ముందు కూకోబెట్టుకొని, పొద్దు గుంకీదాక తిట్టాల. సూడు సూడు, ఆ కొసన ఏటున్నాదో సెప్పు...