రెండో సభకు శుక్రవారమే

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన వెంకటేశ్వర రావు గారికి, వేదిక మీది పెద్దలకు, నిజ్వా నుంచి నడుము పట్టేసేలా బస్సులో కూర్చుని వచ్చిన నా పాత విద్యార్థులకు, ఘాలాలో కంపెనీ బస్సెక్కి వచ్చి వెనక గోడవారన నిలబడ్డ అబ్బాయిలకు (ముందు వరసల్లో కుర్చీలు కొన్ని ఖాళీగానే ఉన్నాయి, అవి ఎవరి సొత్తూ కాదు, వచ్చి కూర్చోండి) అందరికీ నమస్కారం.

రావు గారు నా గురించి చెప్పినవన్నీ విన్నాను. ఇంత మంచిదాన్నని ముందే తెలిస్తే కమిటీ మీటింగుల్లో ఇంకాస్త గట్టిగా అరిచేదాన్ని. (నవ్వులు)

నేను అధ్యక్షురాలినయ్యేనాటికి ఈ ఎడారి దేశంలో మన తెలుగు సమితికి రెండు కమిటీలుండేవి, కోస్తా వారిదొకటి, తెలంగాణ వారిదొకటి. ఒకరు హాలు మాట్లాడితే రెండోవారు మైకు పట్టుకుపోయేవారు. బడిలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నాకు అమెరికాలోని నెబ్రాస్కా గుర్తొచ్చింది. నేనెప్పుడూ వెళ్లలేదు. మొక్కజొన్న చేలు తప్ప ఏముందక్కడ అంటుంది మా మనవరాలు మనస్విని. శాసనసభ ఉంది. తక్కిన రాష్ట్రాలన్నిటికీ రెండేసి సభలుంటే అక్కడ ఒక్కటే, ఆ ఎన్నికలో అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరుండదు. ఎవరిది ఏ పార్టీయో అందరికీ తెలుసనుకోండి. మనమూ రెండు కమిటీల్ని ఒకటి చేసి, ఎన్నికల్లో ప్రాంతం పేరెత్తడం మానేశాం, నోరు విప్పగానే ఎలాగూ తెలిసిపోతుంది. (నవ్వులు)

నాకు నచ్చింది మాత్రం అది కాదు. అక్కడ ఏ బిల్లుకైనా బహిరంగ విచారణ జరిపి తీరాలి. రైతో, టీచరో, ఊసుపోని ముసలాయనో, ఎవరైనా సరే కమిటీ ముందు కూర్చుని తన మాట చెప్పుకోవచ్చు. మీకు రెండో సభ లేదేమని అడిగితే, జనమే మా రెండో సభ అంటారట. అంతా విన్నాక సభ్యులు తమకు తోచిందే చేస్తారు, అది వేరే సంగతి.

ఆ ముక్క పట్టుకునే మన శుక్రవారం సభ పెట్టాను. సమితి ఏం చెయ్యబోయినా ముందు అక్కడ చెప్పాలి, చెయ్యెత్తినవారి మాట చివరిదాకా వినాలి. మొదట చెయ్యెత్తింది దేవదాసు. నిజామాబాదు వైపు మనిషి, ఘాలాలో రూమ్, సైట్‌లో తాపీ పని, అదిగో, నవ్వుతున్నాడు. "అమ్మా, ఉగాది ప్రోగ్రాంల నాటకం బంద్ జేసి కబడ్డీ పెట్టుండ్రి" అన్నాడు. ఎక్కడయ్యా అంటే, "ఈ హాల్లనే. కుర్చీలు పక్కకేస్తం" అన్నాడు. నున్నటి టైల్స్ మీద కబడ్డీ! (నవ్వులు) చాలాసేపు మాట్లాడాడు, మేం విని, ఓటు వేసి, కుదరదన్నాం. వెళ్తూ నా దగ్గరికొచ్చి, "ఏం గాదమ్మా. డ్యూటీల ఫోర్‌మన్ చెప్తె మేం ఇంటం. ఈడ మేం చెప్తె మీరిన్నరు" అన్నాడు.

కొత్త అధ్యక్షురాలు శ్రీలత నా దగ్గరే చదువుకుంది, ఆమె పేరు ప్రతిపాదించిందీ నేనే. శుక్రవారం సభను మంగళవారానికి మారుస్తున్నామని నిన్న ఫోన్లో చెప్పింది. శ్రీలతా, తల దించుకోకు, ఎందుకో అందరికీ చెప్పమ్మా.

("శుక్రవారం హాలు దొరకట్లేదు మేడమ్. ఫ్యామిలీలు కూడా బయటికెళ్తారు కదండీ.")

నాకూ దొరకలేదు. కార్లు బాగుచేసే గరాజు వెనక షెడ్డులో పెట్టాను. ఏసీ లేదు, దాంతో ప్రసంగాలూ చిన్నవయ్యాయి. మంగళవారమైతే ఈ ముందు వరసల వాళ్లంతా రాగలరు, ఆ గోడ దగ్గరున్నవాళ్లకు సెలవు శుక్రవారం ఒక్కరోజే, మంగళవారం సైట్ మీద ఉంటారు. మనం ఎవర్నీ రావద్దనం, రోజు మారుస్తాం, అంతే. జనాన్ని బయట ఉంచడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నేను ఏ ప్రభుత్వంలోనూ చదవలేదు.

రావు గారూ, ఆ శాలువా కాసేపు మడతలోనే ఉంచండి. శ్రీలత ఏదో అంటోంది.

("శుక్రవారమే ఉంచుదాం మేడమ్. షెడ్డు నేను మాట్లాడతాను.")

ఇప్పుడు కప్పండి. ఈ ఎండల్లో శాలువా ఏమిటని అడగను.

మీ అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శుక్రవారం నేనూ వస్తాను, అయితే దేవదాసు పక్కన కూర్చుంటాను. ఇన్నేళ్లూ వింటూ కూర్చున్నాను, చెప్పాల్సినవి చాలా పోగయ్యాయి; శ్రీలత చివరిదాకా వినాలి. రెండో సభకు వెళ్తున్నాను, సెలవు.