డిక్కీలో కాయ

1968. అక్కుపల్లి ఒడ్డున పోటు తగ్గిన ఉదయం. గట్టిపడిన తడి ఇసుక మీద ఒక అంబాసిడర్ కారు, దానికెదురుగా అల్లంత దూరాన ఒక ఖాళీ పీపా. పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే ధర్మారావు, ఆయన డ్రైవరు సోములు ఇంతసేపూ ఒక బస్తాతో కుస్తీ పడుతున్నారు.

"ఇంకొంచెం పైకి జరుపు సోములూ. మనిషి కూచున్నట్టుండాల."

"మనిషి కాదు గదండి బాబుగోరూ, జీడిపిక్కల బస్తా."

"మనిషే అనుకో. పట్టీ భుజం మీంచి రావాల. ఆఁ, అలాగ. బిగించు."

"ఇలా కట్టేత్తంటే నాకేటో బాగోనేదండి. బతికున్న మనిషిని ఎవులైనా కడతారేటండి? పాడె మీదున్నోడిని కడతారు గానీ."

"నోర్ముయ్."

"తప్పయిపోనాదండి."

"విశాఖపట్నం హార్బర్లో దిగే విదేశీ కార్లకి ఈ సీటు పట్టీలు ఉంటన్నాయి. మా బావమరిది ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఒకటి సంపాదించేడు. లోకనాథం మేస్త్రి నిన్న పొద్దల్లా కూచుని బోల్టులు బిగించేడు. ఇది ఆగుతాదో ఊడుతాదో తెలీకుండా తులసిని ఎలా ఎక్కించీడం?"

"పాప ఎక్కుతానందాండి?"

"వాళ్ళమ్మ పోయిన కాడినుంచి కారు చూస్తే చాలు, అమ్మమ్మ కొంగులో దూరిపోతంది. నేను టెక్కలి ఎళ్ళినన్నిసార్లూ అంతే. మొన్న మాత్రం, కారు నన్ను గట్టిగా పట్టుకుంటాదా నాన్నా అనడిగింది. పట్టుకుంటాదమ్మా అనీసేను. అది నిజమో కాదో చూడొద్దా?"

"సూడాలండి. మరి బస్తా ఎంతండి?"

"నలభై ఎనిమిది కిలోలు. బట్టీలో తూయించేను."

"ఏడేళ్ళ పిల్ల అంతుండదు గదండి."

"తలకి కొబ్బరికాయ తెమ్మన్నాను, తెచ్చేవా?"

"బరువు గురించి గదండి నేను..."

"కాయ తెచ్చేవా?"

"మర్సిపోనానండి."

"ఉద్దానంలో పుట్టినోడివి, కొబ్బరికాయ మర్చిపోయేవు! డిక్కీలో ఒకటుంది, ఇందాక చూసేను. తే."

"అదొద్దండి."

"ఏం?"

"మొలకొచ్చేసినాదండి. ఊళ్ళోకెల్లి ఇట్టే ఇంకోటి తెత్తాను."

"గంటలో నీళ్ళిక్కడికొచ్చీగలవు. తలకి మొలకుంటే ఏటి, లేపోతే ఏటి? పీచు తీసి పట్రా."

"బాబుగోరూ, ఆ కాయ..."

"తే అన్నానా!"

"తెత్తన్నానండి."

"బస్తా మూతి మీద పెట్టి తాడుతో కట్టు. ఊఁ. ఇప్పుడు బాగుంది."

"స్టీరింగు నాకిచ్చీండి మరి."

"నేనే తోల్తాను. నువ్వెనక్కెళ్ళు."

"ఏడు నెల్లయిపోనాదండి మీరు స్టీరింగు ముట్టి."

"అందుకే. ఆవేళ కూచున్నట్టే కూచుందాం. నేనిక్కడ, నువ్వెనక, నా పక్కన..."

"పక్కన బస్తా అండి."

"ఆఁ, బస్తా. ఆ పీపా గేదె అనుకో. ఇసకలో గీత గీసేను, అక్కడ బ్రేకు నొక్కుతాను. సీటు పట్టుకో."

"ఎంత స్పీడండి?"

"ముప్పై మైళ్ళు. ఆవేళ యాభై."

"మెల్లగా పోనిండి బాబుగోరూ..."

"ఆ మాటనకు! ఆవేళ నా పక్కన కూచుని జగదాంబా ఇదే మాటంది. వినలేదు నేను. పట్టుకో, పట్టుకో!"

"అమ్మోరు తల్లో! బాబుగోరూ, మీకేటీ తగల్లేదు గదండి?"

"నా సంగతొదిలీ. కాయ చూడు."

"ఉందండి. ఎక్కడిదక్కడే ఉంది. పట్టీ పట్టు ఇడవనేదండి."

"పగల్లేదా?"

"గీతైనా పడనేదండి."

"అయితే బతికేది."

"బాబుగోరూ..."

"బతికేది సోములూ. ఒక్క ప్రాణం, రెండు మూరల పట్టీకి ఆగిపోయేది. ఇవాళ ఇంటికాడ ఉండేది. దాని పక్కన పిల్ల ఉండేది."

"సాలండింక. పట్టీ మంచిదని తేలిపోనాది గదా, ఇట్నించిటే టెక్కలి ఎల్లి పాపని తెచ్చీసుకుందాం."

"పట్టీ విప్పు."

"ఎందుకండి?"

"లేకపోతే ఏటవుతాదో చూడాల."

"తెలిసిందే గదండి! మళ్ళీ ఏటి సూత్తారు?"

"నేను చూడలేదు సోములూ. నేను గేదెని చూసేను. ఇటు తిరిగేసరికి అయిపోయింది. నా పక్కనున్న మనిషి ఎలా పోయిందో నాకు తెలీదు. విప్పు."

"నా సేత్తో ఇప్పనండి."

"నేనే విప్పుతాను. నీకు భయమైతే దిగిపో."

"మిమ్మల్నొగ్గీసి దిగిపోతానేటండి? పోనిండి. మీ ఇష్టం."

కారు రెండోసారి పీపా వైపు పరుగెత్తింది.

"సోములూ! ఉన్నావా?"

"ఉన్నానండి."

"కాయ?"

"డేష్‌బోర్డుకి కొట్టుకున్నాదండి. రెండు సెక్కలైపోనాది."

"ఇలా తే. ఇదేటిది లోపల, తెల్లగా, ముద్దలాగ?"

"పువ్వండి. కాయలో పువ్వు."

"పువ్వొస్తే శుభం అంటారు. బాగానే ఉంది శుభం! నువ్వెందుకేడుస్తన్నావు? దెబ్బ తగిలిందా?"

"నేదండి."

"మరేటి?"

"ఆ కాయ అమ్మగోరిదండి."

"జగదాంబదా?"

"ఆవేళ ఒళ్ళో ఎట్టుకుని కూసున్నారు గదండి. తరవాత గుంటలో దొరికితే నేనే తీసి డిక్కీలో ఎట్టేను. పారెయ్యనేకపోనాను, కొట్టనేకపోనాను. పూండి దాటినాక అమ్మోరి రాయి కాడ కారాపమన్నారు, మీకు గేపకం ఉందాండి?"

"టైమైపోయింది, తిరిగొచ్చినప్పుడు కొడదాం అన్నాను. నేనే అన్నాను. ఆ మాట గేపకం లేని రోజు లేదు. ఏం మొక్కు అని అడిగితే నవ్వి ఊరుకుంది. ఏం మొక్కు అది సోములూ?"

"మా ఇంటిది నూకాలమ్మకి సెప్పేరండి. అమ్మోరికి కాయ కొట్టినాకే మీకు సెప్తానన్నారంట. అందాకా నోరిప్పొద్దని దాని సేత ఒట్టేయించుకున్నారు."

"ఇప్పుడు పగిలింది కదా. చెప్పు."

"వద్దండి బాబుగోరూ. ముందు టెక్కలి ఎల్దాం, పాప ఎదురుసూత్తంటాది..."

"చెప్పు సోములూ."

"అమ్మగోరికప్పుడు మూడో నెలండి."