తొమ్మిది రోజుల జాప్యం

1991 జూలై 8వ తేదీ, సోమవారం పూర్వాహ్నం, మా ఆస్పత్రి రికార్డుల విభాగపు హాజరు పట్టీలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా తొలి సంతకం చేసిన వారు, ముప్పైనాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున సిస్టమ్స్ అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గూర్చి ఈ సంచికలో వ్రాసే బాధ్యతను సంపాదక వర్గం, పరిపాలన విభాగ పర్యవేక్షకుడనైన నాకు అప్పగించింది. అప్పగిస్తూ, "నాలుగు మంచిమాటలు రాయండి, పాత గొడవలెందుకు" అని ఒక సూచన కూడా చేసింది. మంచిమాటలే వ్రాస్తున్నాను. అయితే వారి విషయంలో మంచిమాటలన్నీ ఆ పాత గొడవలోనే ఉన్నవి గనుక, దానిని విడిచి వ్రాయడం నా వల్ల కాని పని.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో వారి స్థానం భవనపు అడుగు అంతస్తులో, ఇనుప అరల నడుమ, ఆకుపచ్చ అక్షరాల తెర ముందు. రోజుకు నూరు నూటయిరవై కేసు పత్రాలను చూసి ఎక్కించేవారు. ఆ గదికి తలుపు ఉండేది కాని, అది మూసి ఉండగా చూసినవారు లేరు. 1996లో ఎవరో ఒకరు ఆ అరలలోనుండి ఒక ఉపాధ్యాయురాలి కేసు పత్రాన్ని తీసి చదివారు. వారం తిరిగేసరికి ఆమె వ్యాధి పేరు ఆమె పనిచేసే బడి అంతటా తెలిసిపోయింది. ఆమె చికిత్సకు రావడం మానివేసింది. మరి రాలేదు. ఆ సంగతి వార్డు నర్సు నోట విన్ననాడు, మన ఆపరేటరు గారు స్వయంగా బజారుకు వెళ్ళి ఒక తాళం కొనితెచ్చి ఆ తలుపుకు వేశారు. పత్రం కావాలంటే పేరు, కారణం, సంతకం. పెద్ద డాక్టర్లు సైతం చీటీ వ్రాయవలసి వచ్చేది. 'తాళాలమ్మ' అనే పేరు అప్పుడు పెట్టిందే. వెక్కిరింతకే పెట్టారు. పెట్టినవారిలో నేనూ ఉన్నాను.

ఆ తరువాతి ఇరవై ఏండ్లలో కంప్యూటర్లు పెరిగాయి, అరలు తగ్గాయి, వారు పరీక్షలు వ్రాసి, అర్హతలు సంపాదించి, అంచెలంచెలుగా సిస్టమ్స్ అధికారిణి పదవిని అలంకరించారు. ఇంటివద్ద కూడా వారి తీరు వేరుగా ఉండేది కాదని వారి భర్తగారు, వృత్తిరీత్యా దర్జీ, ఒకసారి నాతో మొరపెట్టుకొన్నారు. "మా అమ్మాయి పుట్టినరోజు తేదీని పాస్‌వర్డుగా పెట్టుకున్నానని తెలిసి మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదండీ. నాలుగో రోజు మాట్లాడింది."

"ఏమన్నారు?" అని అడిగాను.

"మార్చావా, అంది."

2018లో మన ఆస్పత్రి రికార్డులన్నింటినీ క్లౌడ్‌లో, అనగా ఎక్కడో దూరాన వేరొక సంస్థ నడిపే కంప్యూటర్లలో అద్దె స్థలం తీసుకొని భద్రపరచాలని యాజమాన్యం నిర్ణయించింది. ఒక కాంట్రాక్టరు వచ్చి, ఒక్క మధ్యాహ్నంలో ఖాతా తెరిచి, సోమవారమే ప్రారంభోత్సవమని ప్రకటించి వెళ్ళిపోయాడు. శుక్రవారం ఉదయం ఆ ఖాతాను తెరిచి చూసిన మన అధికారిణి గారు తిన్నగా డైరెక్టరు గారి గదికి నడిచారు. ఏదో సంతకానికి నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. ఏసీ నుండి కారే నీటి కోసం పెట్టిన ప్లాస్టిక్ బకెట్టును దాటుకొని వచ్చి, కూర్చోమనకుండానే కూర్చున్నారు.

"సార్, ఖాతా మీ సొంత మెయిల్ మీద తెరిచాడు. దాని పాస్‌వర్డు కాంట్రాక్టరు ఆఫీసులో నలుగురికి తెలుసు. ఆ ఒక్క లాగిన్‌తో ఏమైనా చేయొచ్చు, ఖాతా మొత్తం చెరిపేయొచ్చు కూడా. అందరూ దాంతోనే లోపలికి వెళ్తున్నారు. ఎవరు ఏం చేశారో రాసిపెట్టే లాగ్ కూడా పెట్టలేదు."

"అవన్నీ తర్వాత చూసుకుందాం లేమ్మా. సోమవారం రిబ్బను కట్ చేయడానికి పెద్దాయన వస్తున్నారు."

"తర్వాత కుదరదు సార్. ఇప్పుడు లోపల ఏమీ లేదు, ఏ తప్పయినా దిద్దుకోవచ్చు. రోగుల పేర్లు ఎక్కాక బయటికి పోయిన మాటను వెనక్కి తేలేం. రిబ్బను కట్ చేయించండి, ఖాళీ తెర చూపిస్తాను. రికార్డులు మాత్రం ఎక్కించను."

డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. "సరే, నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో. ఆ పెద్ద పాస్‌వర్డు మాత్రం నాకివ్వు. ఈ బిల్డింగులో నా దగ్గర లేని తాళం ఉండకూడదు."

"మీ దగ్గర ఉండకూడదనే సార్ ఇదంతా. నా దగ్గరా ఉండదు."

అన్నంత పనీ చేశారు. తొమ్మిది రోజులు రికార్డులను ఆపి, ఖాతాను డైరెక్టరు గారి మెయిల్ నుండి, తమతో సహా ముగ్గురు అధికారులకు చేరే కార్యాలయపు మెయిల్‌కు మార్చారు. సర్వాధికారాలు గల ఆ మొదటి లాగిన్‌కు పొడవాటి పాస్‌వర్డు పెట్టి, దానిని కవరులో సీలుచేసి నా బీరువాలో ఉంచారు. దానితోపాటు తప్పక గుచ్చవలసిన చిన్న భద్రతా పరికరాన్ని రక్తనిధి డాక్టరమ్మ గారికి అప్పగించారు. ఇద్దరం కలిస్తే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు. నిత్యకృత్యానికి ఎవరి లాగిన్ వారికి, ఎవరి పనికి సరిపడినంత అనుమతి వారికి, ప్రతి ఒక్కరికీ ఫోనులో రెండవ ధ్రువీకరణ. రోజువారీ లాగిన్ ఏదైనా సరే, రోగుల రికార్డులను మూకుమ్మడిగా బయటికి తీయకుండా, విడిగా భద్రపరచిన వాటి నకళ్ళను చెరపకుండా, లాగ్‌ను ఆపకుండా ఖాతా మొత్తానికి ఒక హద్దు గీశారు. లాగ్‌ను వేరొక ఖాతాలో దాచారు. ఏదైనా తేడా వస్తే ఆ ముగ్గురికీ హెచ్చరిక వెళ్ళే ఏర్పాటు చేశారు. పదవ రోజు ఉదయం, "ఇక ఎక్కించండి" అన్నారు.

ఆ పదవ రోజునే వారికి మెమో అందింది. ఆ మెమోను రూపొందించినది నేను. "ఉద్దేశపూర్వక జాప్యం, పై అధికారి ఆదేశ ధిక్కారం" అనే మాటలు నా కలం నుండి వచ్చినవే. అప్పటికే ఇరవై రెండేళ్ళుగా మెమోలు వ్రాస్తున్నవాడిని, వాటికి జవాబులు ఎలా వస్తాయో నాకు కంఠతా వచ్చు. ఇకమీదట ఇలా జరగదని, దయతో క్షమించగలరని వస్తాయి. వారి జవాబు మూడు వాక్యాలు. "జాప్యం జరిగిన మాట వాస్తవం. అది ఉద్దేశపూర్వకమన్నది వాస్తవం. ధిక్కారమన్నది కూడా వాస్తవమేనని నమోదు చేసుకొనగలరు." ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను. మరుసటి వారం వారిని స్టేషనరీ స్టోరుకు బదిలీ చేసిన ఉత్తర్వును మాత్రం యథావిధిగా టైపు చేయించాను. నాకంత ధైర్యం ఉండేది కాదు.

పద్నాలుగు నెలలు వారు పెన్నులు, ఫైలు కవర్లు లెక్కపెట్టారు. అక్కడ సంతకం పెట్టకుండా ఒక్క గుండుసూది తీసుకుపోయిన మొనగాడు లేడు. హెచ్చరికలు వెళ్ళే ముగ్గురి జాబితాలోనుండి వారి పేరు తీసివేయాలన్న ధ్యాస ఎవరికీ కలుగలేదు. ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలకు, కాగితపు కట్టల మధ్య వారి ఫోను మోగనారంభించింది.

జరిగినది ఇది. వారి స్థానంలో వచ్చిన కొత్త అధికారి, కాంట్రాక్టరు సతాయించగా, తన లాగిన్ మీద ఒక శాశ్వత ప్రవేశ సంకేతాన్ని సృష్టించి ఇచ్చారు. కాంట్రాక్టరు మనిషి దానిని ఒక ప్రోగ్రాములో వ్రాసి, ఆ ప్రోగ్రామును ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేచోట పెట్టాడు. ఎవరో ఆగంతకులు దానితో ఖాతా లోపలికి వచ్చి, మొదట ఆ అధికారి లాగిన్ పనిచేయకుండా చేసి, ఆయననే బయటికి నెట్టి తలుపు వేశారు. మన అధికారిణి గారు మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన చెమటలు కక్కుతున్నారు.

"మేడమ్, మీరు ఈ సెక్షన్‌లోకి రాకూడదు కదా..."

"రాకూడదు. లేవండి."

తెర చూసి, రెండు నిమిషాలలో నా బల్ల దగ్గర ఉన్నారు. "కవరు కావాలి."

డైరెక్టరు గారు ఊళ్ళో లేరు, ఫోను ఎత్తడం లేదు. "అనుమతి లేకుండా ఎలాగండీ," అని నసిగాను.

"మెమో మళ్ళీ రాసుకుందురు గాని. ముందు కవరు ఇవ్వండి. కింద ఓపీలో నాలుగు వందల మంది ఉన్నారు."

బీరువా తెరిచాను. నా ఉద్యోగ జీవితంలో అనుమతి లేకుండా నేను చేసిన పని అదొక్కటే. రక్తనిధి డాక్టరమ్మ గారు చేతి తొడుగులతోనే పరుగున వచ్చి ఆ పరికరాన్ని గుచ్చారు. ఇరవై రెండు నిమిషాలలో ఆ దొంగ సంకేతం రద్దయింది. ఆగంతకులు రోగుల రికార్డులను లాగడానికి, నకళ్ళను చెరపడానికి, లాగ్‌ను ఆపడానికి నాలుగు వేల సార్లకు పైగా ప్రయత్నించారు. ప్రతిసారీ ఆ హద్దు దగ్గరే ఆగిపోయారు. ఆ ప్రయత్నాలన్నీ లాగ్‌లో వరుసగా నమోదై ఉన్నాయి. మనకు నష్టమే లేదని నేను అబద్ధమాడను. అపాయింట్‌మెంట్ల కంప్యూటర్లను చెరిపివేయడంతో మధ్యాహ్నం మూడు గంటల వరకు ఓపీలో చీటీలు చేత్తో వ్రాశారు. అయితే ఒక్క రోగి పేరు బయటికి పోలేదు. అదే వారం, అదే కాంట్రాక్టరు ఖాతా తెరిచి ఇచ్చిన మరొక ఆస్పత్రిలో, ఒకే లాగిన్‌తో అందరూ పనిచేసిన చోట, డాక్టర్లు పంతొమ్మిది రోజులు పాత రికార్డులు లేకుండా వైద్యం చేశారు.

మరుసటి సోమవారం వారు తిరిగి తమ స్థానంలో కూర్చున్నారు. అనంతరం వచ్చిన డైరెక్టరు గారు సహృదయులు. అర్జీ పెట్టుకుంటే ఆ మెమోను సర్వీసు పుస్తకం నుండి తొలగిస్తామని నాచేత కబురు పంపారు. వారు నవ్వారు.

"అర్జీ ఎందుకండీ పెట్టడం? ఉండనివ్వండి. ముప్పై ఏళ్ళుగా నేను చేసిన పని ఏమిటో ఆ పుస్తకంలో రాసి ఉన్నది ఆ ఒక్క కాగితం మీదే."

అది నేటికీ అక్కడే ఉన్నది. దానిని వ్రాసినవాడిగా, అది అక్కడే ఉండాలని నేనూ కోరుతున్నాను. మన తరువాత వచ్చేవారు ఆ పుస్తకం తిరగేసినప్పుడు, ఒక ఉద్యోగిని ఏ పని చేసినందుకు ఈ కార్యాలయం శిక్షించిందో చదివి తెలుసుకోవాలి. ఈ వాక్యాలకు ఎవరైనా నొచ్చుకొంటే సంజాయిషీ అడగవచ్చు. నాకింకా రెండేళ్ళ సర్వీసు ఉన్నది, ఎలాంటి జవాబు వ్రాయాలో నేర్చుకొన్నాను.

పూజ్యులైన అధికారిణి గారికి, వారి వెన్నంటి నిలిచిన భర్తగారికి, నర్సుగా ప్రజాసేవలో ఉన్న కుమార్తెకు సిబ్బంది అందరి పక్షాన నమస్సులు. వారి మోకాళ్ళు నొప్పెరుగక, కంటిచూపు తరగక, కంఠంలోని ఖంగు ఏనాడూ తగ్గక, ఇంటిల్లిపాది నడుమ నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, ఆ నూరేళ్ళలో ఒక్క రోజైనా ఎవరి ముందూ తల వంచవలసిన అవసరం వారికి రాకూడదని మనసారా ఆకాంక్షిస్తున్నాను.