చల్లటి ఇంజను, ఎర్రగీత మీద ముల్లు

వజ్రమ్మని ఒకామె, నలభై మూడేళ్లుంటాయి, గిన్నె కాగిందని ఎవరన్నా చెబితే నమ్మదు, చెయ్యి ఆనించి చూసుకుంటది. ఆమె మరిది చెంచయ్యకి లారీ ఉందంట, మూతి ముందుకి పొడుచుకొచ్చిన పాతది. వజ్రమ్మ వంకాయలు ఇన్నాళ్లూ వాడే మోసుకుపోయేవాడు, వాడే బేరమాడేవాడు, వాడు చెప్పిందే ధర. ఒకరోజు ఏమైందంటే, నా కాయలు నేనే అమ్ముకుంటానని ఈమె పోయి క్యాబిన్లో కూర్చుంది. ఊరు దాటారో లేదో, వేడి చూపించే మీటరుంటది చూడు, దాని ముల్లు పోయి ఎర్రగీత మీద కూర్చుంది. అమ్మో ఇంజను కాగిపోతందని ఆపడం, నీళ్లు పొయ్యడం, మళ్లీ ఆపడం. వీళ్లు పోయేసరికి మార్కెట్టు ఊడుస్తా ఉన్నారంట. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే.

ఇంక టీకొట్టు కాడ మగోళ్లు ఊరుకుంటారా, మీరే చెప్పండి. పక్కన ఆడమనిషి కూర్చుంటే ఇంజను వేడెక్కదా మరి అన్నాడంట టీకొట్టు మాలకొండయ్య, అందరూ పళ్లికిలించారంట. చెంచయ్యకీ అదే కావాల. "వదినా, నేనేం అనట్లా, మీటరే అంటంది. నువ్వెక్కిన రోజు నుంచే గదా? రేపట్నుంచి ఇంటికాడుండు, కాయలు నేనమ్ముకొస్తా." "మళ్లీ నువ్వు చెప్పిందే ధర, అంతేనా? పొద్దున ఆ మీటరు సంగతి చూసి దిగుతాలే" అందంట వజ్రమ్మ.

పొద్దున్నే వచ్చింది. లారీ రాత్రంతా మంచులో నానింది. రేడియేటరుకి చెయ్యి ఆనిస్తే కుండలో నీళ్లలాగుంది. తాళం తిప్పరా అబ్బాయ్, స్టార్టు మాత్రం చెయ్యబాక అంది. వాడు తిప్పాడు. ముల్లు సర్రున లేచి ఎర్రగీత మీదకి పోయింది! "పొయ్యి ముట్టించకముందే అన్నం మాడిందంటందే నీ మీటరు! ఇంజను సంగతి దానికి మోసే తీగేది?" "ఇదే వదినా." "ఇంజను కాడ పీకు." పీకాడు. ముల్లు కదిలితే ఒట్టు. "చూశావా, ఇంజనుతో మాటల్లేవు, అయినా కాగిందనే అంటంది. మధ్యలో ఎవరో చాడీలు చెబుతున్నారు" అని ఆ తీగ వెంబడే వేలు పెట్టి పోయింది, పోయింది, పోతే ఏముందంటారు? నాలుగు నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, వాటిని కట్టిన ఇనపతీగ. అది మీటరు తీగని కూడా కలిపి బిగించేసి, పైతొడుగు కొరికేసి, లోపలి రాగిని లారీ ఇనుముకి ఆనించేసింది. ఆ రాగి ఇనుముకి తగిలితే చాలు, ఇంజను కాగిందనే అనుకుంటది మీటరు.

"ఇదేందిరా?"

"దిష్టికి వదినా. బయట కడితే మేకలు తింటన్నాయని బానెట్ లోపల కట్టా."

"ఎప్పుడు?"

వాడు తల గోక్కున్నాడంట. "నువ్వెక్కావు గదా... ఆ రోజే."

ఆ ఇనపతీగ తెంపిందో లేదో, ముల్లు టపీమని కిందపడింది. కొరుకుడు పడ్డ చోట టేపు చుట్టించి, పీకిన కొస మళ్లీ తగిలిస్తే మార్కెట్టు దాకా మీటరు నోరెత్తలా. ఆడమనిషి ఎక్కినందుకే మీటరు చెడిందనేది అబద్ధం కాదనుకో, నేనూ కాదనను. వారం తిరిగేలోపు వజ్రమ్మ ఇంకో ఇద్దరు ఆడోళ్లని క్యాబిన్లో ఎక్కించింది. మార్కెట్టులో పనుండి వచ్చిన మాలకొండయ్య, క్యాబిన్లో చోటు లేక, వెనకాల వంకాయ బస్తాల మీద కూర్చుని పోయాడు.